థర్డ్ బేస్ నుంచి 127 అడుగులు: వారాంతాల్లో ఆడే ఒక పెద్దాయన భుజం కేసు

2024 ఏప్రిల్ మొదటి వారంలో మా క్లినిక్‌కి ఒకాయన వచ్చారు. 62 ఏళ్లు, కుడిచేతి వాటం. ఇళ్లకు ఏసీలు బిగించి రిపేర్లు చేసే చిన్న వ్యాపారం ఆయనది. బీపీకి మాత్ర వాడుతున్నారు. షుగర్ లేదు, పొగ తాగరు. సమస్యేమిటని అడిగితే కుడి భుజం మీద ఎడం చెయ్యేసుకుని, "మెమోరియల్ డేకి హ్యూస్టన్ వెళ్లాలి డాక్, ఆలోపు దీన్ని దారిలో పెట్టు" అన్నారు. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎలా వచ్చింది అన్నవి తర్వాతి మాటలు. ముందు మే చివర్లో ఆ సెలవులప్పుడు జరిగే బేస్‌బాల్ టోర్నమెంట్ తేదీ!

ఈ రకం పేషెంట్లు నాకు కొత్త కాదు. డల్లాస్ ఉత్తర శివార్లలో పదకొండేళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. సోమవారం అపాయింట్‌మెంట్లలో చాలావరకు శని, ఆదివారాలు తెచ్చిపెట్టినవే. మనవాళ్లయితే క్రికెట్ భుజాలు. మా ఆయనతో సహా నలభై దాటిన మగాళ్లంతా వారమంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, శనివారం పొద్దున్నే బౌండరీ దగ్గర్నుంచి కీపర్‌కి నేరుగా విసరాలనుకునేవాళ్లే. అమెరికన్లయితే బేస్‌బాల్ భుజాలు, మోచేతులు. ఈ కేసే ఎందుకు రాస్తున్నానంటే, మొదటి ఆరు వారాలు నేను తప్పు చేశాను. ఆ తప్పు నాతోటి ఫిజియోలు కూడా చేస్తుంటారని నా అనుమానం. పేషెంట్ అనుమతితోనే రాస్తున్నాను, ఆయన్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ముందు ఈ ఆటగాళ్ల గురించి కాస్త చెప్పాలి. తెలియనివాళ్లు దీన్ని పార్కులో కాలక్షేపం అనుకుంటారు. కాదు. అసలు సిసలు బేస్‌బాలే ఇది. పరుగెత్తేవాడు వరసగా తాకాల్సిన గుర్తులే బేస్‌లు, బేస్‌కీ బేస్‌కీ మధ్య 90 అడుగులు. పిచర్ (బంతి వేసేవాడు) నిలబడే మౌండ్ నుంచి బ్యాటర్ దగ్గరుండే హోమ్ ప్లేట్‌కి 60 అడుగుల 6 అంగుళాలు. ఈయన ఆడే టోర్నమెంట్లలో వయసు పెరిగిందని మైదానాన్ని కుదించరు. 1986లో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో మొదలైన మెన్స్ సీనియర్ బేస్‌బాల్ లీగ్ 1988 నుంచి ఆరిజోనాలో తన 'వరల్డ్ సిరీస్' జరుపుతోంది. ఫ్లోరిడాలోని ఫోర్ట్ మయర్స్‌లో రాయ్ హాబ్స్ అనే సంస్థ వాళ్లది ఇంకో పెద్ద పండగ. అగ్రశ్రేణి ప్రొఫెషనల్ మేజర్ లీగ్ జట్లు మార్చిలో ప్రాక్టీసు చేసుకునే మైదానాల్లోనే వీళ్లు అక్టోబరు, నవంబరుల్లో ఆడతారు. కుర్రాళ్ల దగ్గర్నుంచి డెబ్భై దాటినవాళ్ల దాకా వయసుల వారీగా విభాగాలుంటాయి. ఏడాది పొడుగునా ఏదో ఒక ఊళ్లో వారాంతపు టోర్నమెంట్ ఉంటుంది. ఎంట్రీ ఫీజు, పెట్రోలు, హోటల్ గది అన్నీ సొంత ఖర్చే. శుక్రవారం సాయంత్రం పని ముగించి, ట్రక్కు వెనక బ్యాట్లూ ఐస్ పెట్టే పడేసుకుని, రాత్రి పదకొండుకి ఏ మోటెల్లోనో దిగి, శనివారం రెండు ఆటలు, ఆదివారం ఒకటో రెండో ఆడి, సోమవారం మళ్లీ పనికి. మా పేషెంట్ అలా ఏడాదికి ఎనిమిది తొమ్మిది సార్లు వెళ్తారు.

రూల్స్‌లో మాత్రం పెద్దవాళ్లకి కొంత వెసులుబాటు ఉంటుంది. వచ్చినవాళ్లందరినీ బ్యాటింగ్ వరసలో వేసుకోవచ్చు. బయటికి వచ్చి కూర్చున్నవాడు మళ్లీ ఫీల్డింగ్‌కి దిగవచ్చు. కాలు సహకరించనివాడు బేస్ చేరాక అతని బదులు ఇంకొకరు పరుగెత్తవచ్చు. ఈ చివరి రూల్‌ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

మొదటి పరీక్ష

ఈయన థర్డ్ బేస్‌లో ఆడతారు. జట్టులో పిచర్లు అలిసిపోతే ఒకటి రెండు ఇన్నింగ్స్ బంతీ వేస్తారు. థర్డ్ బేస్ నుంచి ఫస్ట్ బేస్‌కి అడ్డంగా 127 అడుగులు. క్రికెట్ లెక్కలో చెప్పాలంటే దాదాపు రెండు పిచ్‌ల పొడవు. బేస్‌బాల్ బంతి మన క్రికెట్ బంతికన్నా ఓ పది పదిహేను గ్రాములు తేలిక. కానీ వంగి బంతిని అందుకుని, నిటారుగా లేచేలోపే విసిరెయ్యాలి. అవతల పరుగెత్తేవాడు ఆగడు కదా.

నొప్పి భుజం ముందు, పక్కన. విసిరేటప్పుడు పదికి ఆరు. రాత్రి కుడివైపు తిరిగి పడుకుంటే మెలకువ వస్తోంది. చెయ్యి పక్క నుంచి పైకెత్తుతుంటే 60 డిగ్రీల దగ్గర మొదలై 120 దాటాక తగ్గుతోంది. ఎత్తిన చేతిని ఆపి ఉంచగలుగుతున్నారు, పడిపోవడం లేదు. బయటికి తిప్పి వదిలితే చెయ్యి అక్కడే నిలుస్తోంది. అంటే కండరం పూర్తిగా తెగిన లక్షణాలు లేవు. అప్పటికే ఎక్కడో తీయించుకున్న ఎమ్మారై కూడా అదే చెప్పింది: సుప్రాస్పినేటస్ (చెయ్యి పైకెత్తడానికి సాయపడే భుజం కండరం) స్నాయువు కొంత చిరిగింది, మొత్తం కాదు. అరవై దాటిన భుజాలను స్కాన్ చేస్తే నొప్పి లేనివాళ్లలోనూ ఇలాంటివి బోలెడు కనిపిస్తాయి. ఆయన మాత్రం ఆ రిపోర్టును జాతకం కాగితంలా మడతపెట్టి పర్సులో దాచుకున్నారు.

కొలతలు చూస్తే, మోచెయ్యి భుజం ఎత్తున పెట్టి కుడి చెయ్యి బయటికి తిప్పితే 92 డిగ్రీలు, ఎడమది 84. లోపలికి తిప్పితే కుడిది 34, ఎడమది 56. విసిరేవాళ్ల భుజం బయటికి ఎక్కువ తిరిగి, లోపలికి తక్కువ తిరగడం మామూలే, రెండూ కలిపితే రెండు చేతులకూ సమానంగా రావాలి. ఈయనకి కుడి 126, ఎడమ 140. పద్నాలుగు డిగ్రీలు ఎటో పోయాయి. చేత్తో పట్టుకుని బలం కొలిచే డైనమోమీటర్‌తో చూస్తే, కుడి చేతిని బయటికి తిప్పే బలం ఎడమ చేతి బలంలో 78 శాతమే ఉంది. ఎడమ తుంటి లోపలికి తిరగడం 15 డిగ్రీలకే ఆగిపోయింది. కుడిచేత్తో విసిరేవాడు బరువంతా ఎడం కాలి మీదకు తెచ్చి తుంటిని తిప్పాలి. అది తిరగకపోతే ఆ లోటు భుజం భర్తీ చేయాల్సి వస్తుంది. భుజం నొప్పి అంటే తుంటి ఎందుకు చూస్తున్నావని ఆయన అడిగారు. ప్రతివాళ్లూ అడుగుతారు. విసరడానికి పనికొచ్చే ప్రశ్నావళి ఒకటుంది, కెర్లాన్-జోబ్ స్కోర్ అంటారు, వందకి. ఈయనకి 48 వచ్చింది.

నా ఆరు వారాలు

పుస్తకంలో ఉన్నట్టే చేశాను. మూడు వారాలు అస్సలు విసరొద్దన్నాను. భుజం వెనక భాగాన్ని సాగదీసే వ్యాయామాలు, రబ్బరు బ్యాండుతో చేతిని బయటికి తిప్పడం, పక్కకి పడుకుని కిలోన్నర బరువుతో అదే పని, రెక్క ఎముక పట్టు కోసం బోర్లా పడుకుని చేతులెత్తడం, తుంటికీ నడుం పైభాగానికీ తిప్పే కసరత్తులు. వారానికి మూడు రోజులు. నాలుగో వారం నుంచి ఇంటి వెనకాల గోడకు మెల్లగా ఇరవై ముప్ఫై విసుర్లు. నొప్పి ఆరు నుంచి ఒకటికి దిగింది. రాత్రి నిద్ర పడుతోంది. నాలో నేనే మురిసిపోయాను. "వెళ్లి రండి, మరీ అతి చెయ్యకండి" అని హ్యూస్టన్‌కి సాగనంపాను.

ఇప్పుడు చదువుతుంటే ఆ 'అతి చెయ్యకండి' అన్న మాట చూసి నాకే సిగ్గేస్తుంది. ఎంత చేస్తే అతి? నేను చెప్పలేదు. ఆయన అడగలేదు.

మే 25, 26 తేదీల్లో ఆడి వచ్చారు. బుధవారం క్లినిక్‌కి వస్తే కాఫీ కప్పు కుడిచేత్తో ఎత్తలేకపోతున్నారు. నొప్పి ఎనిమిది. ఎన్నిసార్లు విసిరారని అడిగాను. "ఓ నలభై ఉంటాయేమో. పెద్దగా ఏం ఆడలేదు" అన్నారు. నలభై విసుర్లకి భుజం ఇలా అవ్వదు. కండరం పూర్తిగా చిరిగిందేమో అని మళ్లీ అన్ని పరీక్షలూ చేశాను. కొత్తగా ఏమీ లేదు. ఒక వారం నన్ను నేను తిట్టుకుంటూ గడిపాను.

జూన్ 6, గురువారం. ఆ రోజు ఆయన సెషన్‌లో ఉన్నారు, నేను ఫోన్ మూలకు ఆనించి స్కోరు చూస్తున్నాను. మాకు దగ్గర్లోని గ్రాండ్ ప్రెయిరీలో అమెరికా, పాకిస్తాన్ టీ20 ప్రపంచకప్ మ్యాచ్. ఆయన తొంగి చూసి, "ఇది ఎయిర్‌హాగ్స్ గ్రౌండ్ కదూ, నేను అక్కడ ఎన్ని బేస్‌బాల్ ఆటలు చూశానో" అన్నారు. నిజమే, ఆ స్టేడియం మొదట బేస్‌బాల్‌దే, తర్వాత క్రికెట్‌కి మార్చారు. సూపర్ ఓవర్లో అమెరికా గెలిచింది. అలా మాటల్లో పడి, బౌలర్లు ఆటకి ముందు వేసుకునే బంతుల ప్రస్తావన వస్తే ఆయన, "వీటిని కూడా లెక్కపెడతారా?" అని అడిగారు.

నాకు అక్కడ తట్టింది. ఆయన చెప్పిన నలభైలో ఏవేవి ఉన్నాయి?

ఉంగరం కౌంటర్

మా అమ్మ గుంటూరు నుంచి వచ్చినప్పుడల్లా పొద్దున్నే జపం చేసుకుంటుంది. వేలికి తొడుక్కునే చిన్న డిజిటల్ కౌంటర్ ఉంటుంది చూడండి, బొటనవేలితో నొక్కితే అంకె పెరిగేది. కిందటిసారి దాన్ని మా ఇంట్లోనే మరిచిపోయింది. అది తీసుకెళ్లి ఈయనకిచ్చాను. ఆయన వేళ్లకు ఆ ఉంగరం పట్టనే లేదు. పైగా ఎడం చేతికి గ్లవ్ ఉంటుంది, కుడిచేత్తో విసరాలి, ఎవరు నొక్కుతారు? వాళ్ల జట్టులో మోకాలు పాడై డగౌట్‌లోనే (మైదానం పక్కన జట్టు కూర్చునే చోటు) కూర్చునే 67 ఏళ్ల పెద్దమనిషి ఉన్నారు. ఆ పని ఆయన తీసుకున్నారు. కౌంటర్ ఆయన చిటికెనవేలికి సరిపోయిందట.

మూడు వారాలకి నొప్పి రెండుకి తగ్గింది. జూన్ చివర్లో ఓక్లహోమా సిటీలో టోర్నమెంట్ ఉంది, డల్లాస్ నుంచి మూడు గంటల దారి. వెళ్లొద్దంటే ఆగే మనిషి కాదని అప్పటికి అర్థమైంది. థర్డ్ బేస్‌లో ఆడండి, పిచింగ్ మాత్రం వద్దు, ప్రతి విసురూ లెక్కపెట్టించండి అన్నాను. ఆయన పిచింగూ చేశారు. పిచర్ ఒకరు రాలేదట.

ఆ పెద్దమనిషి హోటల్ నోట్‌ప్యాడ్ కాగితం మీద రాసిచ్చిన లెక్క ఇప్పటికీ ఫైల్లో ఉంది. శనివారం మొదటి ఆట: ముందు ఇద్దరు నిలబడి చెయ్యి వేడెక్కడానికి ఒకరికొకరు విసురుకున్నవి 62. ఇన్‌ఫీల్డ్ (బేస్‌ల చుట్టూ ఉన్న భాగం) ప్రాక్టీసులో 24. ప్రతి ఇన్నింగ్స్‌కి ముందు ఫస్ట్ బేస్‌మన్ దొర్లించిన బంతులు తిరిగి వేసినవి, ఏడు ఇన్నింగ్స్‌కి మూడేసి చొప్పున 21. నిజంగా ఆటలో విసిరినవి నాలుగు. మొత్తం 111.

రెండో ఆట: మళ్లీ వేడెక్కడానికి 38. అయిదు ఇన్నింగ్స్ థర్డ్ బేస్‌లో, ఇన్నింగ్స్ ముందువి 15, ఆటలో మూడు. తర్వాత మౌండ్ ఎక్కే ముందు పక్కన పిచర్లు చెయ్యి వేడెక్కించుకునే బుల్‌పెన్‌లో వేసినవి 28. రెండు ఇన్నింగ్స్‌కి ఎనిమిదేసి ప్రాక్టీసు బంతులు, 16. బ్యాటర్‌కి వేసిన అసలు పిచ్‌లు (బంతులు) 34. మొత్తం 134.

ఒక్క శనివారమే 245. అందులో ఆట అని లెక్కకొచ్చేవి నాలుగూ, మూడూ, ముప్ఫై నాలుగూ కలిపి 41.

ఆయన నాకు అబద్ధం చెప్పలేదు. నలభై అంటే నలభయ్యే. మిగతా రెండొందల నాలుగూ ఆయన లెక్కలో విసుర్లే కావు. ఎవరైనా 'ఎన్ని మెతుకులు తిన్నావు' అంటే వడ్డించిన అన్నం చెప్తారు గానీ, వంట చేస్తూ రుచి చూసింది చెప్తారా? ఆదివారం ఇంకో 97. అంతకు ముందు అయిదు రోజులు సున్నా. వారమంతా పస్తుండి పెళ్లి భోజనానికి కూర్చున్నట్టుంది వ్యవహారం. మొదటి ఆరు వారాల్లో నేను చేసింది ఆ పస్తుని ఇంకా పొడిగించడం. మూడు వారాలు విసరొద్దని చెప్పి, భుజానికి ఉన్న కాస్త అలవాటు కూడా పోగొట్టి, వందల విసుర్ల మీదకి తోలాను. నొప్పి తగ్గింది విశ్రాంతి వల్ల. భుజం సిద్ధమైందని నేను అనుకోవడం పొరపాటు.

ఇంకో సంగతి కూడా నేను అడగలేదు. వారంలో విసరడం సున్నా అన్నారు గానీ, చెయ్యి ఎత్తడం సున్నా కాదు. టెక్సాస్‌లో చాలా ఇళ్లకి ఏసీ యంత్రం సగం అటక మీదే ఉంటుంది. మే నుంచి సెప్టెంబరు దాకా వీళ్లకి ఊపిరాడదు. మనుషులు దొరక్క ఈయనే అటకలెక్కి, పడుకుని, తల పైకి చేతులెత్తి గంటలు గంటలు పనిచేస్తారు. శుక్రవారం రెండు అటకలు ఎక్కి, ఆ సాయంత్రమే మూడు గంటలు బండి తోలి, శనివారం 245. మొదటిరోజు పేషెంట్ ఫారంలో వృత్తి అన్న గడిలో 'స్వయం ఉపాధి' అని ఉంది. నేను అంతటితో సరిపెట్టుకున్నాను.

మంగళవారం నాటి బీపీ

ఆ కాగితం పట్టుకుని ఆయన మంగళవారం వచ్చారు. మనిషి నీరసంగా ఉన్నారు. బల్ల మీద నుంచి లేస్తూ తూలి, అంచు పట్టుకున్నారు. బీపీ చూస్తే కూర్చున్నప్పుడు 102 మీద 64. నిలబడితే పైది 88కి పడింది. ఎప్పుడూ 130 దగ్గరుండే మనిషి. మూత్రం రంగు అడిగితే, "రెండు రోజులుగా టీ డికాషన్‌లా ఉంది, ఎండ కదా" అన్నారు.

మాత్రలు ఏమేం వేసుకుంటున్నారో సీసాలతో సహా చూపించమన్నాను. బీపీ మాత్ర లిసినోప్రిల్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసినది. రెండోది మూత్రం ఎక్కువ పోయేలా చేసేది. ఇంకో జేబులోంచి ఐబుప్రొఫెన్ డబ్బా తీశారు. ప్రతి ఆటకి ముందు 200 మిల్లీగ్రాములవి నాలుగు, రాత్రి పడుకోబోయే ముందు ఇంకో నాలుగు. శనివారం మొత్తం 2400 మిల్లీగ్రాములు. డబ్బా మీద రోజుకి 1200 దాటొద్దని రాసే ఉంటుంది. వాళ్ల డగౌట్‌లో దీన్ని 'విటమిన్ ఐ' అంటారట. పిప్పరమెంట్లలా చేతులు మారుతుంటుంది.

ఈ మూడూ కలిస్తే కిడ్నీకి గండం. లిసినోప్రిల్ కిడ్నీలోంచి రక్తం బయటికి పోయే దారిని వదులు చేస్తుంది, ఐబుప్రొఫెన్ లోపలికి వచ్చే దారిని బిగిస్తుంది, మూడోది ఒంట్లో నీరు తోడేస్తుంది. దానికి జూన్ ఎండలో ఆరు గంటల చెమట తోడు. మందులు రాయడం, మాన్పించడం నా పని కాదు. కానీ ఇది చూసి వ్యాయామాలు మొదలుపెట్టడమూ నా పని కాదు. ఆ రోజు సెషన్ ఆపేసి, ఆయన ఫ్యామిలీ డాక్టరుకి అక్కడి నుంచే ఫోన్ చేసి, బీపీ అంకెలూ మాత్రల లెక్కా చెప్పాను. అదే మధ్యాహ్నం రక్తపరీక్ష. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.7, ఎక్కువే. ఐబుప్రొఫెన్ పూర్తిగా మాన్పించి, కొన్నాళ్లు బీపీ మాత్ర కూడా ఆపి, తర్వాత డాక్టరు వేరే మాత్రకి మార్చారు. రెండు వారాల్లో 1.1కి దిగింది.

భుజం కేసుగా వచ్చింది కిడ్నీ కేసుగా పోయేది. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో నోటిమాటగా అడిగి పెయిన్ కిల్లర్లు కొనుక్కునే మన ఊళ్ల పెద్దవాళ్లని చూసినవాళ్లెవరికైనా ఇందులో వింతేమీ ఉండదు.

మళ్లీ మొదలు

జులైలో ప్లాన్ మార్చాం. వ్యాయామాలు చాలావరకు పాతవే. మారింది లెక్క. తగ్గించాల్సింది ఆటని కాదు, ఆట చుట్టూ ఉన్నదాన్ని. అందుకే ఆయన ఒప్పుకున్నారు. 'ఆడొద్దు' అని ఉంటే ఇంకో ఫిజియోని వెతుక్కునేవారు.

చెయ్యి వేడెక్కడానికి ముందు ఒళ్లు వేడెక్కాలి. పది నిమిషాలు మెల్లగా పరుగు, బ్యాండుతో రెండు వరసలు, ఆ తర్వాతే బంతి. 62 బదులు 20. ఇన్‌ఫీల్డ్ ప్రాక్టీసులో బంతులన్నీ అందుకోవచ్చు, ఎనిమిది మాత్రమే విసరాలి. ఇన్నింగ్స్ ముందు మూడు బదులు ఒకటి, మిగతా రెండూ దొర్లించెయ్యాలి. రెండో ఆట ముందు 12 చాలు. ఒకే రోజు థర్డ్ బేసూ పిచింగూ రెండూ వద్దు, ఏదో ఒకటి. రోజుకి మొత్తం వంద దగ్గర ఆగాలి. ఇంకోపక్క మంగళవారం, గురువారం ఇంటి దగ్గర విసరాలి. ముప్ఫైతో మొదలుపెట్టి మెల్లగా నలభై, యాభై దాకా, దూరం కూడా 60 అడుగుల నుంచి పెంచుకుంటూ. ఈ వారం ఎంత, కిందటి నాలుగు వారాల సగటు ఎంత అని చూసే నిష్పత్తి ఒకటుంది. దాని మీద పరిశోధకుల్లోనే వాదోపవాదాలున్నాయి, నేనూ దాన్ని వేదంలా పట్టుకోను. సున్నా నుంచి 342కి దూకకూడదని తెలుసుకోవడానికి నిష్పత్తులు అక్కర్లేదు.

శుక్రవారం అటకెక్కడం మేనల్లుడికి అప్పగించారు. దీనికి ఒప్పించడం అన్నిటికన్నా కష్టమైంది.

ఇంకోటి, ఒక టప్పా వేసి విసరడం. థర్డ్ బేస్ లైన్ దగ్గర వెనక్కి వెళ్లి బంతి అందుకుంటే ఫస్ట్ బేస్ చాలా దూరం. గాల్లోనే అంత దూరం పంపే బదులు, ఫస్ట్ బేస్‌మన్ ముందు ఒక టప్పా పడేలా వేస్తే భుజం మీద భారం తగ్గుతుంది, బంతి కూడా పెద్దగా ఆలస్యం కాదు. ఆయనకిది నామోషీ. "స్కూల్ పిల్లాడిలా" అన్నారు. తర్వాత అసలు ఇబ్బంది బయటపడింది: ఫస్ట్ బేస్‌లో ఉన్నాయనకి 64, టప్పా పడిన బంతికి వంగలేడు. చివరికి ఇద్దరూ కలిసి గురువారాలు ప్రాక్టీసు మొదలుపెట్టారు. ఆయన నడుంకి కూడా నేనే వ్యాయామాలు చెప్పాల్సి వచ్చింది, ఫీజు లేకుండా.

కాలు

జులై చివర్లో శాన్ ఆంటోనియో. భుజం బాగానే ఉంది, శనివారం లెక్క 98. ఆదివారం పొద్దున మెల్లగా దొర్లే బంతి కొట్టి ఫస్ట్ బేస్‌కి పరుగెత్తారు. చివరి మూడు అడుగుల్లో కుడి తొడ వెనక ఎవరో రాయి పెట్టి కొట్టినట్టయింది. చేరారు గానీ కుంటుతున్నారు. ముందు చెప్పిన రూల్ ఉందిగా, బదులు ఇంకొకరు పరుగెత్తవచ్చు. డగౌట్‌లోంచి అరుస్తున్నా వినకుండా ఆయనే ఉండి, తర్వాతి బంతికి రెండో బేస్‌కి కూడా వెళ్లారు. మామూలుగా పది రోజుల్లో పోయేది అయిదు వారాలు పట్టింది.

ఇక్కడా నా వాటా ఉంది. కొలతలన్నీ భుజానికీ తుంటికీ తీశాను, తొడ వెనక కండరం బలం చూడనే లేదు. చూస్తే కుడిది బాగా తక్కువ. వారమంతా పరుగు అన్నదే లేనివాడు ఒక్కసారిగా 90 అడుగులు పూర్తి వేగంతో పరుగెత్తాలి. విసుర్ల సంగతి పట్టుకున్నాను గానీ, పరుగు కూడా అదే కథ అని గుర్తించలేదు. ఆగస్టు అంతా దాని మీదే. బల్ల మీద వెల్లకిలా పడుకుని నడుం ఎత్తడంతో మొదలుపెట్టి, చివర్లో మోకాళ్ల మీద నిటారుగా ఉండి చీలమండలు ఒకరు పట్టుకుంటే ముందుకి మెల్లగా వాలే నార్డిక్ వ్యాయామం. వారానికి రెండుసార్లు పార్కింగ్ లాట్‌లో దశలవారీగా పరుగు, మొదట సగం వేగం. సెప్టెంబరు మొదట్లో లేబర్ డే సెలవుల టోర్నమెంట్‌కి వెళ్లలేదు. అది తనకి తనే తీసుకున్న నిర్ణయం, నేను నోరు మెదపలేదు.

ప్రయాణం గురించి కూడా మాట్లాడుకున్నాం. హ్యూస్టన్ వెళ్లేటప్పుడు ఐ-45 మీద నాలుగు గంటలు ఏకబిగిన తోలడం ఆయనకి గొప్ప. ఎనిస్‌లో ఒకటీ మాడిసన్‌విల్‌లో ఒకటీ బకీస్ (హైవే పక్క పెద్ద పెట్రోలు బంకూ దుకాణమూ) ఉన్నాయి, రెండు చోట్లా దిగి పది నిమిషాలు నడవండి అన్నాను. నడుస్తున్నారు. కాకపోతే ప్రతిసారీ ఓ పొట్లం బ్రిస్కెట్ శాండ్‌విచ్ కూడా ట్రక్కులోకి చేరుతోందని ఆయన భార్య ఫిర్యాదు.

ఫీనిక్స్

అక్టోబరులో మళ్లీ కొలతలు తీశాను. కుడి చెయ్యి లోపలికి తిరగడం 34 నుంచి 46కి వచ్చింది, బయటికి 91. మొత్తం 137, ఎడమతో మూడే తేడా. బయటికి తిప్పే బలం 78 నుంచి 92 శాతం. తుంటి 15 నుంచి 22 డిగ్రీలు. కెర్లాన్-జోబ్ స్కోరు 79. ఎమ్మారై మళ్లీ తీయించలేదు. తీస్తే ఆ చిరుగు అక్కడే ఉండేది, ఆయనకి మళ్లీ దిగులు.

ఈసారి ఆరిజోనాలోని ఫీనిక్స్‌లో ఆట, విమానంలో వెళ్లారు. ఆ ఏడాది అక్టోబరు మొదట్లో ఫీనిక్స్‌లో ఎండ 40 డిగ్రీలు దాటింది. నీళ్ల లెక్క, ఉప్పు లెక్క, నీడన కూర్చునే లెక్క ముందే రాసిచ్చాను. అయిదు రోజుల్లో నాలుగు ఆటలు. డగౌట్ పెద్దమనిషి రోజూ రాత్రి కౌంటర్ ఫోటో తీసి నాకు పంపేవారు: 88, 104, మధ్యలో ఒక రోజు విశ్రాంతి, 71, 93. రెండో రోజు నాలుగు ఎక్కువయ్యాయని ఆయనే క్షమాపణ చెప్పుకున్నారు. నొప్పి రెండు దాటలేదు. ఐబుప్రొఫెన్ లేదు. జట్టు మొదటి దశలోనే ఇంటిదారి పట్టింది.

ఒక వీడియో పంపారు. మూడో ఆటలో బంతి థర్డ్ బేస్ లైన్ మీదుగా దొర్లుకుంటూ వెళ్తుంటే ఈయన అడ్డంగా పరుగెత్తి, గ్లవ్ వెనక్కి తిప్పి అందుకున్నారు. కుడికాలు ఆనించి విసిరారు. బంతి ఒక టప్పా పడి ఫస్ట్ బేస్‌మన్ గ్లవ్‌లోకి వెళ్లింది. ఆ 64 ఏళ్లాయన వంగారు కూడా. రన్నర్ అప్పటికే బేస్ దాటేశాడు, అది వేరే సంగతి.

జనవరిలో చివరి రివ్యూకి వచ్చినప్పుడు కౌంటర్ తిరిగివ్వబోయారు. తాళాలగుత్తికి తగిలించుకున్నారు, ఉంగరం పట్టీ ఎప్పుడో తెగిపోయిందట. ఉంచుకోండి అన్నాను. ఫిబ్రవరి నుంచి మంగళ, గురువారాలు మళ్లీ మొదలుపెట్టాలి, ముప్ఫైతో. అమ్మ మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా "నా కౌంటర్ దొరికిందా?" అని అడుగుతూనే ఉంది. ఎక్కడుందో చెప్పలేదు. ఇంకోటి కొని పంపాను.